పడవ మీద చెప్పులు

ఆ పెళ్ళిసంబంధాల యాప్ అడిగిన మొదటి ప్రశ్న: దేవుణ్ణి నమ్ముతారా?

సంధ్య ‘లేదు’ నొక్కింది.

కులం? పట్టింపు లేదు. జాతకం? లేదు. దిష్టి, శకునం, ముహూర్తం? లేదు, లేదు, లేదు. మీ జవాబులతో కలవనివాళ్ళను తీసేయమంటారా అని అడిగింది. తీసేయమంది. పలాస నుంచి సముద్రం దాకా ఉన్న పెళ్ళికాని మగాళ్ళంతా ఒక్క దెబ్బకి మాయమైపోయారు.

సంధ్యకి నవ్వొచ్చింది. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొట్టడం ఆమె పని. గోడకి అవతల ఆడవాళ్ళు పప్పు వేరుచేస్తుంటారు. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, నూక ఇంకో పక్క. అక్కడ నూకకి కూడా కొనేవాడు దొరుకుతాడు. ఈ జల్లెడ మరీ దయలేనిది.

తెర మీద ఒక వరుస వచ్చింది. ‘మీ నమ్మకాలకు సరిపోయేవారు ఈ చుట్టుపక్కల: ఒక్కరు.’

ఆ ఒక్కడి పేరు హేమంత్. టెక్కలిలో ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. మూఢనమ్మకాల మీద ఫేస్‌బుక్‌లో ఒక పేజీ నడుపుతాడు. బాబాల గుట్టు, బాణామతుల బండారం. జిల్లాలో చదువుకున్న కుర్రాళ్ళు చాలామంది అది చూస్తారు. సంధ్య కూడా చూసింది. ఊళ్ళో తను పైకి అనలేని మాటలన్నీ అక్కడ ఎవరో గట్టిగా అంటున్నారు.

యాప్‌లో చివరి ప్రశ్న ఒకటి ఉంది. మీరు దేనికి భయపడతారు? ఇద్దరూ ఒప్పుకుంటేనే ఒకరి జవాబు ఒకరికి కనిపిస్తుంది. ఒకరోజు ఇద్దరూ ఒప్పుకున్నారు.

అతను రాసింది: ‘నీళ్ళకి. చిన్నప్పుడు చెరువులో మునిగిపోబోయాను. ఈ సంగతి ఎవరికీ తెలీదు. నీకొక్కదానికే.’

ఆమె రాసింది: ‘ఒక్కదాన్నే మిగిలిపోతానని.’

టెక్కలి బస్టాండు దగ్గర బేకరీలో కలుసుకున్నారు. ఎగ్‌పఫ్ ప్లేటు పక్కకి జరిపి హేమంత్ సూటిగా విషయానికి వచ్చాడు.

“యాప్‌లో లేదు అని నొక్కడానికి బొటనవేలు చాలు. నీకంటే ముందు ఇద్దరు ఇలాగే నొక్కారు. ఒకావిడ, మా ఇంటికి మంచిరోజు చూసి రండి అంది. ఇంకొకావిడ పిల్లి ఎదురొచ్చిందని నా బండి ఆపించింది. ఆవిణ్ణి అక్కడే దింపేసి వచ్చేశాను.”

“పాపం, పిల్లి ఏమైంది?” అంది సంధ్య.

అతను నవ్వలేదు. “నువ్వు ఏం చేసి చూపిస్తావు?”

“ఏం చెయ్యమంటావు?”

“మీ ఊళ్ళో ఆడవాళ్ళు పడవ ఎక్కకూడదన్నావు కదా. మీ నాన్న పడవ ఎక్కు. చెప్పులతో. ఫొటో నాకు పంపు. నాకొక్కడికే.”

సంధ్య ఊరు అక్కుపల్లిలో పడవంటే గంగమ్మ. కలెక్టరు వచ్చినా చెప్పులు ఇసకలో విడిచే ఎక్కాలి. ఆడమనిషైతే అసలు ఎక్కకూడదు, పడవ ముందుకొసని, ఆ ముక్కుని, తాకకూడదు. సంధ్య చిన్నప్పుడు ఒకసారి తండ్రి పడవ అంచు పట్టుకుని వేలాడితే తల్లి వీపు చిట్లగొట్టింది. ఆ వయసుకే అన్న యువరాజు పడవలో కూర్చుని ఆమెను వెక్కిరించేవాడు. ఆ దెబ్బ కంటే ఆ వెక్కిరింతే ఆమెకి ఎక్కువ గుర్తు.

అందుకే ఒప్పుకుంది.

అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డున బోర్లా, వెల్లకిలా పడి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, ఇసక కాళ్ళు కాల్చేస్తున్న వేళ, ఊరంతా తలుపులు వేసుకుని పడుకుంది. సంధ్య వలల కుప్పకి ఫోన్ ఆనించి, టైమర్ పెట్టి, తండ్రి పడవ ఎక్కింది. ముక్కు మీద నిలబడింది. పడవ మీద నుంచి చూస్తే సముద్రం వేరేగా ఉంది. ఇన్నేళ్ళూ అన్న ఒక్కడే చూసింది ఇదన్నమాట. నవ్వు ఆగలేదు. ఫొటోలో ఆ నవ్వూ పడింది, కాళ్ళకి ఎర్ర చెప్పులూ పడ్డాయి.

పంపింది. ఒక్క మాట జవాబు వచ్చింది. ‘పాస్.’

మర్నాటికి ఆ ఫొటో అతని పేజీలో ఉంది. మొహం కూడా దాచలేదు. కింద ఇలా రాశాడు: ‘అక్కుపల్లిలో ఒక మత్స్యకార యువతి చెప్పులతో పడవ ఎక్కింది. గంగమ్మ ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు.’

సంధ్య ఫ్యాక్టరీ వెనక్కి పరిగెత్తి ఫోన్ చేసింది. “తీసెయ్. ఇప్పుడే తీసెయ్.”

“నీ ధైర్యం నలుగురికీ తెలియాలి కదా.”

“నీకొక్కడికే అన్నావు!”

“తీసేస్తే భయపడినట్టు ఉంటుంది సంధ్యా. నువ్వు భయపడే మనిషివా?”

ఆమె సాయంత్రం బస్సు దిగేసరికి గుమ్మంలో యువరాజు ఉన్నాడు. ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాడు.

“ఏటే ఇది? ఏటి సేసినావో తెలుస్తందా నీకు? ఆ సెప్పులతోటి మన అన్నం మీద నిల్సున్నావు.”

“అన్నా, పడవ ఒడ్డున ఉంది. దానికేటవుతాది?”

“దానికేటీ అవదు. మనకి అవుతాది. సూడు రేపు.”

యువరాజు మాటే నిజమైంది. ఊరి పెద్ద నూకయ్య పడవల దగ్గర జనాన్ని కూర్చోబెట్టాడు. ముసలివాడు, సన్నగా ఎండుచేపలా ఉంటాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. అందుకే అందరికీ అతనంటే భయం.

“ఢిల్లీరావూ, నీ పడవ మైలపడ్డాది. పసుపునీళ్ళతో కడగాల. నీ కూతురు పడవ ముందు సాగిలపడి, లెంపలేసుకుని తప్పైపోనాదని మొక్కాల. అంతదాకా నీ పడవ సంద్రం ముట్టుకోకూడదు.”

సంధ్య తండ్రి ఢిల్లీరావు ఇసక వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని అన్నాడు:

“నాను నిన్ను మొక్కమని సెప్పనమ్మా. నీకు నమ్మకం నేదు కదా. లేని నమ్మకం ఉన్నట్టు సేయమంటే అది ఇంకో తప్పు.”

“మొక్కకపోతే?”

జవాబు తల్లి అప్పలమ్మ చెప్పింది. “ఏటవుతాది! పడవ ఇక్కడే పుచ్చిపోతాది. నీ అన్న గుజరాత్ల వీరావల్ పోతాడు, ఎవుడి బోటు మీదో కూలి సేత్తాడు. నీ అయ్య అరుగు మీద కూకుని దగ్గుతాడు. నువ్వు మటుకు ఆ పోనులో ఫొటోలు సూసుకో.”

మర్నాడు సంధ్య మొక్కింది. తడిబట్టలతో, నుదురు ఇసకకి ఆనించి, రెండు చెంపలూ వాయించుకుంది. ఊరు ఊరంతా చూసింది. ఎవరో వీడియో తీశారు. ఎవరో కాదు, చాలామంది తీశారు.

అది టెక్కలి చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. ఈసారి బేకరీలో కూర్చోలేదు. హేమంత్ బయటే, బండి మీద నుంచి దిగకుండా మాట్లాడాడు.

“నువ్వు మొక్కావు.”

“మా నాన్న పడవ కోసం.”

“అందరూ ఏదో ఒకదాని కోసమే మొక్కుతారు. ఎవరూ ఊరికే మొక్కరు. నాకు మనిషితో కోపం లేదు సంధ్యా. నేను చూసేది సూత్రం. నువ్వు నా లిస్టులో ఉండవు, అంతే.” హెల్మెట్ పెట్టుకున్నాడు. “ఆ ఫొటో మాత్రం ఉంచుతాను. అందులో ఉన్నావిడ నాకు నచ్చింది.”

బండి వెళ్ళిపోయింది. సంధ్యకి ఏడుపు రాలేదు. పిల్లి ఎదురొచ్చిందన్న ఆ పేరు తెలియని అమ్మాయి గుర్తొచ్చింది. ఏ రోడ్డు మీద దింపేశాడో, ఆ పిల్ల ఇంటికెలా వెళ్ళిందో.

ఇంటి దగ్గర ఇంకో దెబ్బ కాచుకుని ఉంది. రేపో మాపో వేట మొదలు. ఢిల్లీరావు పడవ మీద ఏళ్ళ తరబడి వేటకి వస్తున్న కుర్రాడు లోకనాథ్ గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు, మిగతా జట్టు వాళ్ళు వెనకాల. లోపలికి రమ్మంటే రాలేదు.

“మావా, మేం రాలేం. ఏటనుకోకు.”

“అదేట్రా? కడిగినాం. మొక్కినాది. అందరూ సూసినారు.”

“మొక్కినాది, నిజమే. నమ్మి మొక్కినాదా? నువ్వు సెప్పు మావా, నీ పడవ మీద ఒట్టేసి సెప్పు.” లోకనాథ్ సంధ్య వైపు చూడకుండానే అన్నాడు. “గంగమ్మకి ఒంగిన నడుం అక్కర్నేదు. ఉత్తుత్తి మొక్కు మొక్కినోళ్ళ పడవ ఎక్కితే కెరటంలో మమ్మల్నెవుడు సూత్తాడు?”

ఢిల్లీరావు ఒట్టు వెయ్యలేదు. జట్టు వెళ్ళిపోయింది.

మొక్కిందని అక్కడ తీసేశారు. నమ్మకుండా మొక్కిందని ఇక్కడ తీసేశారు. సంధ్య ఆ సాయంత్రమే నూకయ్య ఇంటికి వెళ్ళి అరుగు కింద నిలబడింది.

“తాతా, ఇంకేటి సెయ్యాల?”

నూకయ్య వల కుట్టుకుంటూ అన్నాడు. “నిన్నేటీ సెయ్యమనను. నువ్వు నేర్సుకున్న మాట నీది కాదు. ఆ మాట నేర్పినోడు ఉన్నాడు కదా, ఫొటో పెట్టినోడు. ఆడొచ్చి, ఆడి నోటితోటి అమ్మని పిల్సినాడనుకో, జట్టోళ్ళు మాటాడరు. నాను పూచీ.”

“ఆడు రాడు. వచ్చినా పిలవడు.”

“మరింకేటి? పడవ అమ్మీసుకోండి.”

ఆలోచించడానికి సంధ్యకి రాత్రంతా పట్టలేదు. పొద్దున పలాస బస్సెక్కకముందే ఆలోచన పూర్తయింది. హేమంత్‌కి మెసేజ్ పెట్టింది.

‘మా పడవ ఎవరూ ఎక్కట్లేదు. శాపం తగిలిందంటున్నారు. నువ్వు వచ్చి చెప్పులతో ఎక్కు. లైవ్ పెట్టు. కెరటం దాటి తిరిగొస్తే చాలు, ఊరి నోరు మూతపడుతుంది. నీ లిస్టులో నేను లేకపోయినా ఫరవాలేదు.’

చాలాసేపు జవాబు లేదు. నీళ్ళు గుర్తొస్తున్నాయి కాబోలు అనుకుంది. అందుకే అదే మాట తీసుకెళ్ళి అతని పేజీలో, ఫొటో కింద, అందరికీ కనబడేలా రాసింది. గంటలో కుర్రాళ్ళు ఎగబడ్డారు. వెళ్ళండి సార్. మేమూ వస్తాం సార్. చూపించండి సార్.

ఇక సార్ వెనక్కి తగ్గడానికి దారి లేదు. ‘ఆదివారం ఉదయం, అక్కుపల్లి’ అని పెట్టాడు.

చెప్పులతో ఎక్కనివ్వడానికి నూకయ్య ఒప్పుకుంటాడా అని యువరాజు భయపడ్డాడు. నూకయ్య నవ్వాడు. “రానీ. ఆడి సంగతి అమ్మ సూసుకుంటాది.”

శనివారం సంధ్య తండ్రి పక్కన ఇసకలో కూర్చుంది. ఆయన ఇంజిన్‌కి గ్రీజు పెడుతున్నాడు.

“అయ్యా, కెరటాలు ఇరిగే చోట ఇంజిన్ ఆపీయి.”

ఢిల్లీరావు చెయ్యి ఆగింది. “ఆపితే పడవ అడ్డం తిరుగుతాది.”

“తిరగాలనే.”

“మనిషి పోతే?”

“పోడు. నువ్వున్నావు, అన్నున్నాడు. లైఫ్ జాకెట్టు ఏయిద్దాం. ఆడికి నీళ్ళంటే బయం అయ్యా. సిన్నప్పుడు మునిగినాడు. అమ్మా అనీసి అరుత్తాడు.”

“నీకెలా తెలుసు?”

“నాకొక్కదానికే సెప్పినాడు.”

ఢిల్లీరావు గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. “నీకొక్కదానికే సెప్పినాడా” అన్నాడు.  కాదని మాత్రం అనలేదు.

ఆదివారం ఒడ్డు నిండిపోయింది. హేమంత్ జీన్స్ ప్యాంటు మడిచి, తోలు చెప్పులతో వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. అయినా గొంతు గట్టిగానే ఉంది. ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి యువరాజు మెడకి తగిలించి, అందులో చూస్తూ మాట్లాడాడు. “మిత్రులారా, ఇదిగో నా చెప్పులు, ఇదిగో పడవ.”

“బావూ, లైఫ్ జాకెట్టు” అన్నాడు యువరాజు. పెళ్ళికొడుక్కి కండువా వేసినంత మర్యాదగా వేశాడు.

హేమంత్ పక్కకి వచ్చి సంధ్య చెవిలో అన్నాడు. “ఎంత దూరం వెళ్ళాలి?”

“ఎంతో దూరం లేదు. అదిగో, ఆ తెల్లగా కనిపిస్తోందే, అది దాటితే చాలు.”

“ఏం కాదు కదా?”

ఆ ఒక్క క్షణం అతను లెక్చరర్‌లా లేడు. చెరువు గట్టు మీద నిలబడ్డ చిన్నపిల్లాడిలా ఉన్నాడు. సంధ్య చూసింది. చూసి కూడా అంది: “ఏం కాదు.”

పడవ నీళ్ళలోకి వెళ్ళింది. ముక్కు దగ్గర యువరాజు, వెనక ఇంజిన్ దగ్గర ఢిల్లీరావు, మధ్యలో బల్ల పట్టుకుని హేమంత్. ఒడ్డున ఉన్నవాళ్ళంతా ఫోన్లలో లైవ్ చూస్తూ, మధ్యమధ్య తలెత్తి సముద్రంలోనూ చూస్తున్నారు. మొదటి కెరటం ఎక్కి దిగింది. హేమంత్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. “చూశారా, ఏమీ...”

సంధ్య ఫోన్ చూడటం లేదు. తండ్రి చేతినే చూస్తోంది. ఆ చెయ్యి ఇంజిన్ మీదికి వెళ్ళింది. చప్పుడు ఆగిపోయింది.

పడవ అడ్డం తిరిగింది. కెరటం పక్క నుంచి కొట్టింది. ఒక చెప్పు ఎగిరిపోయింది. హేమంత్ బల్ల వదిలేసి పడవ అడుక్కి జారాడు. నడుం దాకా నీళ్ళు. ఫోన్లలోంచి గొంతు వినిపించింది, మనిషి గొంతులా లేదు.

“అమ్మా! అమ్మా!”

“ఏ అమ్మ?” యువరాజు గొంతు. “మీ అమ్మ టెక్కల్లో ఉన్నాది. ఆవిడకి ఇనపడదు. పేరెట్టి పిలువు!”

“ఇంజిన్... ఇంజిన్ వెయ్యండి...”

“పేరెట్టి పిలువ్రా, ఇంకోటొస్తంది సూడు!”

ఇంకోటి వచ్చింది. దాని కిందినుంచి అతను అరిచాడు. “గంగమ్మా! గంగమ్మ తల్లీ! కాపాడు తల్లీ!”

ఇంజిన్ అందుకుంది.

ఒడ్డు మీద అప్పుడు రేగినంత కేక అక్కుపల్లి ఎప్పుడూ వినలేదు. ముసలమ్మలు ఇసకలో పడి దండాలు పెట్టారు. లోకనాథ్ కళ్ళనిండా నీళ్ళు. సార్ కోసం వచ్చిన కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు.

పడవ ఒడ్డెక్కింది. హేమంత్ నాలుగు కాళ్ళ మీద ఇసకలోకి పాకి వాంతి చేసుకున్నాడు. తలెత్తితే ఎదురుగా సంధ్య ఎర్ర చెప్పులు.

“నీళ్ళ సంగతి నీకొక్కదానికే చెప్పాను” అన్నాడు.

“నా ఫొటో కూడా నీకొక్కడికే పంపాను” అంది సంధ్య.

అతను లేచి ఒంటి చెప్పుతో బండి దాకా నడిచాడు. ఎంత తొక్కినా బండి స్టార్ట్ కాలేదు. యువరాజే వెళ్ళి కిక్కు కొట్టాడు. “జాగర్త బావూ, దారిలో పిల్లులుంటాయి.” సంధ్య ఎప్పుడో అన్నకి చెప్పిన జోకు అది. పాపం యువరాజు, ఆ జనంలో హేమంత్‌కి తప్ప ఇంకెవరికీ అది అర్థం కాదని తెలియక, తనే పెద్దగా నవ్వుకున్నాడు.

నూకయ్య జనం మధ్యలోకి వచ్చాడు. “ఒలే సంధ్యా, ఇప్పుడు సెప్పు. నమ్మినావేటి?”

అందరూ ఆమెనే చూస్తున్నారు. తండ్రి చెయ్యి ఇంజిన్ మీదికి వెళ్ళడం ఆమె చూసింది. ఆ చెయ్యిని అక్కడికి పంపింది కూడా ఆమే. ఈ ఊళ్ళో ఇవాళ గంగమ్మ ఏమీ చెయ్యలేదని ఖాయంగా తెలిసిన మనిషి తనే. లోకనాథ్ ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

“నమ్మినాను తాతా.”

జట్టు తిరిగి వచ్చింది. వేట మొదలైన రోజు పడవకి పసుపు, కుంకుమ, పూలదండ. ముక్కుకి కొత్తగా ఒకటి వేలాడుతోంది. కెరటం ఒడ్డుకి కొట్టిన తోలు చెప్పు, దిష్టికి కట్టారు. మొట్టమొదటిసారి ఆ పడవ మీద చెప్పు ఉండటం ఎవరికీ తప్పనిపించలేదు.

డీజిల్ డబ్బా అందిస్తూ సంధ్య నెమ్మదిగా అంది. “అయ్యా, నువ్వు నాకోసం సేసినావు. మర్సిపోను.”

“ఏటి సేసినాను?”

“ఇంజిన్ ఆపినావు కదా.”

ఢిల్లీరావు ఆమెను జాలిగా చూశాడు. “నాను ఆపలేదమ్మా. ఆపుదామనే సెయ్యి ఏసినాను. నా సెయ్యి తగలకముందే అది ఆగిపోనాది. అమ్మ ఆపినాది.”

“నాను సూసినాను, నీ సెయ్యి...”

“నువ్వు ఒడ్డు మీదున్నావు. నాను దాని పక్కనున్నాను.” ఆయన గొంతులో అబద్ధం లేదు. అదే ఆమెను భయపెట్టింది. “కూతురు సెప్పిందని మనిషిని ముంచీడానికి సెయ్యేసినాను. ఆ పాపం నాకంటకుండా అమ్మే ఆపీసింది. నీకిప్పుడైనా నమ్మకం కుదిరినాది. అంతే సాలు.”

పడవ వెళ్ళిపోయింది. ఆమె ఒక్కతే మిగిలింది.

పలాస బస్సులో ఫోన్ మోగింది. యాప్. ‘మీ నమ్మకాలకు సరిపోయేవారు ఈ చుట్టుపక్కల: ఒక్కరు. కొత్త సభ్యులు.’ ఫొటో లేదు. పేరు బదులు రెండు అక్షరాలు, మొదటిది ‘హే’. ఊరు టెక్కలి. దేవుడు లేదు, కులం లేదు, జాతకం లేదు. చివరి ప్రశ్నకి జవాబు ఈసారి దాచకుండా అందరికీ కనిపించేలా పెట్టాడు. మీరు దేనికి భయపడతారు? ‘దేనికీ భయపడను.’

ఆ వరుసని తెర మీద నుంచి తుడిచేసింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచింది. మళ్ళీ అదే. ఆమె జవాబులకి సరిపోయే మనిషి ఆ జిల్లాలో ఇంకెవరూ లేరు.

సంధ్య మొదటి ప్రశ్నకి వెళ్ళింది. దేవుణ్ణి నమ్ముతారా?

‘అవును’ నొక్కింది. కింది ప్రశ్నలకీ అదే.

అతను మాయమయ్యాడు. తెర నిండా మొహాలు వచ్చాయి, పైనుంచి కిందికి, ఎంత జరిపినా తరగకుండా. అందరికంటే పైన, పడవ ముక్కు దగ్గర చేతులు కట్టుకుని, లోకనాథ్ నవ్వుతున్నాడు.